ప్లస్‌టూ పిల్లల ప్రోమ్ నైట్‌కి బండి మాట్లాడాలి. ఋషికొండ దాటాక రిసార్టు, రాత్రి తిరిగి రావాలి

అడిగినవారు: విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ, సెక్టార్ 6

నమస్కారమండి. మా పెద్దమ్మాయి ప్లస్‌టూ చదువుతోంది. జనవరి ఆఖరి శనివారం వాళ్ల వీడ్కోలు పార్టీ. మా రోజుల్లో ఫేర్‌వెల్ అంటే బెంచీలు గోడ వారకి జరిపి, సమోసా, కూల్‌డ్రింకు ఇచ్చి, జూనియర్లు రెండు పాటలు పాడితే అయిపోయేది. ఇప్పుడు దాని పేరు ప్రోమ్ నైట్, చోటు భీమిలి రోడ్డులో ఋషికొండ దాటాక ఒక రిసార్టు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా. పది తర్వాత లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు కాబట్టి సరిగ్గా పదికి ఆపేస్తామని స్కూలు వాళ్లు మాటిచ్చారు. రాకపోకలు మాత్రం తల్లిదండ్రులే చూసుకోవాలట.

మా అమ్మాయి జట్టులో పదమూడు మంది. తొమ్మిదిమంది ఆడపిల్లలు, నలుగురు మగపిల్లలు. అందరివీ ఎంవీపీ, లాసన్స్ బే, ఇసుకతోట, ఎండాడ ఇళ్లే. వాళ్లకి పైన అద్దం తెరుచుకునే తెల్లకార్లు కావాలి. నాకు కావలసింది పిల్లలందరూ ఇళ్లకి చేరడం. ఆ రోజు మావారికి స్టీల్ ప్లాంటులో బి షిఫ్టు, ఆయన ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది. నాకు డ్రైవింగ్ రాదు. పగలైతే 900-కె నంబరు సిటీ బస్సెక్కి వెళ్లిపోవచ్చు, రాత్రి పదింటికి ఆ రోడ్డు మీద పట్టుచీరలతో పిల్లల్ని ఎలా నిలబెడతాను? మా అమ్మాయి మా అత్తగారి ఉప్పాడ చీర కట్టుకుంటానంది. "స్కూటీల మీద మేం దింపేస్తాం ఆంటీ" అని మగపిల్లలు ధైర్యం చెబుతున్నారు. నా భయం సగం అదే.

ముగ్గుర్ని అడిగాను. తెలిసినవాళ్ల ద్వారా ఒకతను సొంత కార్లు రెండు పంపిస్తానన్నాడు, ఒక్కోటి 2,200. ఒక ట్రావెల్స్ వాళ్లు 12+1 (పన్నెండు సీట్లు, డ్రైవర్ సీటు వేరే) టెంపో ట్రావెలర్‌కి 4,800 చెప్పి, "పిల్లలేగా మేడమ్, సర్దుకుంటారు" అన్నారు. ఇంకొకరు 17+1కి 6,500, డ్రైవర్ బత్తా వేరే. ఏది మాట్లాడుకోవాలి? ముందుగా ఏమేం అడిగి తేల్చుకోవాలి? "నువ్వు మాత్రం గేటు దగ్గర నిలబడకమ్మా" అని మా అమ్మాయి ముందే చెప్పింది. నిలబడను. కానీ నా బదులు అక్కడ ఒక నమ్మకమైన మనిషీ, ఒక బండీ నిలబడి ఉండాలి.

జవాబు 1: మధురవాడ నుంచి

సొంత కార్ల మాట వదిలేయండమ్మా. నిరుడు మావాడి పార్టీకి మేం అదే చేశాం. తెల్ల నంబరు ప్లేటు కారు, తక్కువకి వస్తుందని. డ్రైవరు పిల్లల్ని దింపి, మధ్యలో ఖాళీయే కదా అని ఎయిర్‌పోర్టు డ్రాప్ ఇంకొకటి ఒప్పుకున్నాడు. పదింటికి ఫోను చేస్తే "ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఉన్నానండి, అరగంటలో వచ్చేస్తా" అన్నాడు. వచ్చేసరికి పదకొండున్నర. తొట్లకొండ దిగువన, సముద్రపు గాలికి వణుకుతూ ఆరుగురు పిల్లలు రోడ్డు పక్కన నిలబడ్డారు. ఆ గంటన్నరా మా ఆవిడ ఫోను చేతిలోంచి దించలేదు. డబ్బు మిగిలిందన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

జవాబు 2: గాజువాకలో ట్రావెలర్ నడిపే మనిషిని

అమ్మా, పద్నాలుగేళ్లుగా బండి నడుపుతున్నాను. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. నాకు తెలిసింది చెప్తాను.

ముందు ప్లేటు రంగు చూడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే కిరాయికి తిప్పే పర్మిట్ బండి. తెల్ల ప్లేటు సొంతానికి. దాన్ని కిరాయికి తిప్పుతూ దొరికితే పర్మిట్ లేనందుకు పదివేలు జరిమానా, ఇదంతా బండివాడి నెత్తిన పడేది. మీకు సంబంధించింది ఏటంటే, ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు వెంటనే పేచీ పెడతారు. నంబరు తీసుకుని ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టండి. ఫిట్‌నెస్ ఎప్పటిదాకా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా, అన్నీ కనిపిస్తాయి. రెండు నిమిషాల పని. అడిగితే మొహం చిట్లించే వాడి దగ్గర బండి మాట్లాడొద్దు.

12+1లో పదమూడు మంది పిల్లల్ని సర్దడం కుదరదు. ఒక పెద్ద మనిషి కూడా వెళ్తే పద్నాలుగు. ఎక్కువైన ప్రతి తలకీ రెండొందలు జరిమానా అంటే చిన్న మాటలా ఉంటాది గానీ, ఒళ్లో కూర్చున్న పిల్లకి సీటు బెల్టు ఉండదు కదమ్మా. 17+1 తీసుకోండి. చీరలు నలగవు, వచ్చేటప్పుడు నిద్రపోయే పిల్లలు నిద్రపోతారు.

ఇప్పుడు లెక్క. మన ఊళ్లో లోకల్ ప్యాకేజీ ఎక్కువగా 8 గంటలు, 80 కిలోమీటర్లు. అది షెడ్ టు షెడ్. మీ గుమ్మం దగ్గర్నుంచి కాదు, బండి షెడ్డులో కదిలిన దగ్గర్నుంచి మళ్లీ షెడ్డుకి చేరేదాకా. నాది గాజువాక, మీ ఎంవీపీకి వచ్చి వెళ్లడానికే నలభై కిలోమీటర్ల దాకా తినేస్తాది. అంచేత నా బండే కట్టుకోమని చెప్పను. మద్దిలపాలెం, మధురవాడ వైపు షెడ్డున్న వాళ్లని అడగండి. గంట పెరిగితే ఎంత, కిలోమీటరు పెరిగితే ఎంత, రాత్రి బత్తా ఏ టైము నుంచి, ఇవి ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట మర్నాడు మారిపోద్ది.

"వెయిటింగ్‌తో సహా, బండి రిసార్టులోనే ఆగుతుంది" అన్న ముక్క మర్చిపోకుండా రాయించండి. అసలు కిరాయి ఇస్తున్నదే దానికి. డ్రైవర్‌కి రాత్రి భోజనం అక్కడే ఏర్పాటు చేయమని స్కూలు వాళ్లకి చెప్పండి. ఆకలేసిన డ్రైవరే బండి తీసుకుని బయటికెళ్తాడు. నిద్ర సంగతి కూడా అడగండి. శుక్రవారం రాత్రి అరకు ట్రిప్పు కొట్టి వచ్చినవాణ్ని శనివారం రాత్రి మీ పిల్లలకి పంపకూడదు. అది అరకు సీజను, మాఘమాసం ముహూర్తాలు కూడా తోడైతే పెళ్లిళ్లవాళ్లు బండ్లన్నీ ఎత్తుకుపోతారు. వారం ముందు అడిగితే మిగిలిన బండే దొరుకుతాది. ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చేయండి.

పైన అద్దం తెరుచుకునే కారు వద్దమ్మా. పిల్లలు లేచి నిలబడి తలలు బయటికి పెడతారు, వద్దన్నా వినరు. బీచ్ రోడ్డులో కుక్క అడ్డొచ్చి ఒక్క బ్రేకు కొడితే చాలు. ఫొటోల సరదా ఉంటే తెన్నేటి పార్కు దగ్గర అరగంట ఆపమనండి. మన సముద్రం తూర్పున కదా, సాయంత్రం కొండ నీడ తొందరగా దిగిపోద్ది. నాలుగున్నరకల్లా అక్కడుంటే మొహాల మీద వెలుగుంటాది.

జవాబు 3: ఇసుకతోట తండ్రి

స్కూటీల సంగతి చెబుతాను. పదహారు నిండినవాళ్లకి ఇచ్చే లైసెన్సు గేర్లు లేని 50 సీసీ లోపు బండికే. మన పిల్లలు నడిపేవన్నీ అంతకన్నా పెద్దవే. పద్దెనిమిది నిండనివాడు పట్టుబడితే కేసు తండ్రి మీదో బండి యజమాని మీదో పడుతుంది. 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. మావాడు ఆ నలుగురిలో ఒకడే అనుకుంటున్నాను. తాళాలు ఆ రోజు నా దగ్గరే ఉంటాయి. మిగతా ముగ్గురి నాన్నలతో నేను మాట్లాడతాను, మీరు మొహమాటపడకండి. బండిలో పెద్ద మనిషిగా నేను వెళ్తాను. పార్టీలోకి రాను, డ్రైవర్‌తో పాటు బయటే కూర్చుంటాను.

జవాబు 4: సీతమ్మధార అమ్మాయిని, ఇప్పుడు న్యూజెర్సీలో

అక్కా, ఇక్కడ ప్రోమ్‌లు వసంతంలో జరుగుతాయి. పిల్లలు డబ్బులు పోగేసి లిమోజిన్ మాట్లాడుకుంటారు. మా పక్కింటివాళ్లతో కలిసి మేం మాట్లాడినప్పుడు కంపెనీ వాళ్లు కాగితం మీద తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నారు. బండిలో మందు సీసా కనిపిస్తే ట్రిప్పు అక్కడితో ఆపేస్తారు, డబ్బు వెనక్కి రాదు. ఆ షరతు నాకు నచ్చింది. ఇంకోటి, ఎక్కించుకోవడం ఒకే ఇంటి ముందు. అమ్మానాన్నలందరూ అక్కడికే వచ్చి ఫొటోలు తీసుకుంటారు. మీరూ అలా చేస్తే ఇల్లిల్లూ తిరిగే గంట మిగులుతుంది. దింపేటప్పుడు మాత్రం ఎవరి గుమ్మంలో వాళ్లని.

అడిగినవారు, మళ్లీ

అందరికీ దండాలు. పార్టీ నిన్న అయింది. ఏం చేశామో రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మద్దిలపాలెంలో షెడ్డున్న వాళ్ల 17+1 దొరికింది. 6,500, బత్తా 400. తలకి 530 పడింది, తగ్గిన పది రూపాయలు నేను వేశాను. గాజువాక అన్నయ్య చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి ఓనరు చేత సంతకం పెట్టించాను. న్యూజెర్సీ చెల్లి చెప్పిన మందు షరతు కూడా చేర్చాను. అది పిల్లలకి ముందే చదివి వినిపించాం. అందరూ మా ఇంటి ముందే ఎక్కారు. డ్రైవర్ యాభై ఏళ్ల మనిషి. అందరూ బెల్టులు పెట్టుకునేదాకా బండి కదపలేదు.

పదీ పదికి బయల్దేరారు. ముందు ఎండాడ, తర్వాత ఇసుకతోట, ఆఖరికి మావైపు. ప్రతి గుమ్మం దగ్గరా లోపలినుంచి తలుపు తీసేదాకా బండి ఆగిందని ఇసుకతోట అన్నయ్య చెప్పారు. ఆయన గ్రూపులో ఒక్కొక్క పేరూ పెడుతుంటే నేను ఇక్కడ కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ కూర్చున్నాను. పదకొండుకి పది నిమిషాలుండగా మా గేటు చప్పుడైంది. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని దిగింది మా అమ్మాయి. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. తనేమీ అనలేదు.

ఆ సంతకాల కాగితం నమూనా రేపు ఇక్కడే టైపు చేసి పెడతాను.