ఋషికొండ బీచ్‌కి టికెట్ పెడితే తప్పేంటి?

హైదరాబాద్ నాన్న:
పోయిన వారం పిల్లలతో వైజాగ్ వెళ్లొచ్చాం, మూడు రోజులు. సబ్‌మెరైన్ చూశాం, దానికి ఎదురుగా రోడ్డు అవతల ఉన్న టీయూ-142 విమానం చూశాం, కైలాసగిరి రోప్‌వే ఎక్కాం. అన్నిచోట్లా టికెట్ కొన్నాం, ఎక్కడా దండగ అనిపించలేదు. రెండో రోజు ఋషికొండ. చోటు ఎంత బాగుందో చెప్పలేను, మా చిన్నదైతే నీళ్లలోంచి బయటికి రానని ఏడుపు. కానీ ఇసకలో ఎక్కడ చూసినా ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు. పెద్దోడి కాలికి పగిలిన సీసా ముక్క గుచ్చుకుంది. 2023 జూలైలో ఇక్కడ మనిషికి 20 రూపాయలు పెడతామంటే పెద్ద గొడవ చేసి ఆపించారు కదా, అది చాలా పొరపాటని నా అభిప్రాయం. పూరీలో గోల్డెన్ బీచ్‌కి టికెట్ ఉంది, జనం కొనుక్కునే వెళ్తున్నారు. శుభ్రంగా ఉంటుందంటే నేను 50 అయినా ఇస్తాను.

పెదవాల్తేరు పిల్ల:
బాబు కాలు ఎలా ఉందండీ ఇప్పుడు? టీటీ ఇంజెక్షన్ వేయించారా? మీ కోపం నాకు అర్థమైంది, సీసాలు పగలగొట్టేవాళ్లని చూస్తే మాకూ ఒళ్లు మండుతుంది. కానీ టికెట్‌కి మాత్రం ఒప్పుకోను. మా నాన్న ఆటో తోలేవారు, ఇంట్లో ఐదుగురం. ఆదివారం సాయంత్రం నడుచుకుంటూ బీచ్‌కి వెళ్లడం, రెండు పొట్లాల మురీ మిక్చర్ కొనుక్కుని ఐదుగురం పంచుకోవడం, చీకటి పడ్డాక వెనక్కి రావడం, మాకు తెలిసిన షికారు అదొక్కటే. ఐదుగురికి గేటు దగ్గరే వంద రూపాయలంటే మేం ఇంట్లోనే ఉండిపోయేవాళ్లం. మీరు ఏడాదికి ఒకసారి వస్తారు, మేం వారం వారం వెళ్తాం. మీరు చూసిన ఆ కుర్సురా సబ్‌మెరైన్‌కి టికెట్ పెట్టారంటే, నేవీ పక్కన పెట్టిన దాన్ని లాగి ఒడ్డెక్కించి, 2002లో మ్యూజియం చేసి, అప్పట్నుంచి తుప్పు పట్టకుండా చూసుకుంటున్నారు కాబట్టి. సముద్రాన్ని ఎవరు తెచ్చి పెట్టారండీ?

ప్లీడరు గారబ్బాయి:
చట్టం వైపు నుంచి ఒక మాట. 1996లో ఎం.సి. మెహతా, కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, సముద్ర తీరం, పారే నీళ్లు, గాలి, అడవులు ప్రజలవి, ప్రభుత్వం వాటికి ట్రస్టీ మాత్రమే అని. ట్రస్టీ అన్నాక చూసుకునే బాధ్యత ఉంటుంది. కాబట్టి శుభ్రం చేయలేదని నిలదీయడానికి మీకు టికెట్ అక్కర్లేదు, ఆ హక్కు ఇప్పుడే ఉంది.

బీచ్ రోడ్ ట్రావెల్స్:
హక్కు సరే, చీపురు పట్టే మనిషికి జీతం ఎక్కణ్నుంచి వస్తుంది బ్రదర్? ఋషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, అంటే శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు. దానికి 33 ప్రమాణాలు ఉన్నాయి, నీళ్ల నాణ్యత దగ్గర్నుంచి టాయిలెట్ల దాకా. 2025లో నిర్వహణ బాగాలేదని కొన్నాళ్లు ఆ గుర్తింపు తీసేశారు, అంతా సర్దుకున్నాక మళ్లీ ఇచ్చారు. ఆ కొన్నాళ్లు ఊరి పరువు పోయినట్టు మాకు ఎంత టెన్షనో! పదిహేనేళ్లుగా టూరిస్టులని తిప్పుతున్నాను, ఎవరూ 20 రూపాయల గురించి అడగరు, బాత్రూమ్ ఎక్కడ అని అడుగుతారు. ఆడవాళ్లు తడి బట్టలతోనే కార్లో కూర్చుని హోటల్‌కి వెళ్తుంటే చూడలేకపోతున్నాను.

జాలరిపేట తమ్ముడు:
అందరూ చెత్త గురించే మాట్లాడుతున్నారు, ప్రాణాల సంగతి కూడా చూడండి. మా అన్న బీచ్‌లో గజ ఈతగాడిగా చేస్తున్నాడు. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, ముఖ్యంగా కాలేజీ కుర్రాళ్లు, కెరటాలు విరుగుతున్న చోటు చూసి భయపడి, పక్కన నీళ్లు నిమ్మళంగా ఉన్నచోట దిగుతారు. అసలు ప్రమాదం అక్కడే. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఆ సందులోంచే వెనక్కి పోతాయి, నడుంలోతులో ఉన్న మనిషిని కూడా లాగేస్తాయి. అందులో పడ్డవాడు భయంతో ఒడ్డుకేసి ఎదురీదుతాడు, దమ్ము అయిపోతుంది. ఒడ్డు వెంట పక్కకి ఈదితే బయటపడొచ్చు, కానీ ఆ క్షణంలో ఎవడికి గుర్తొస్తుంది?

ఇప్పుడు టికెట్ సంగతి. ఋషికొండ దగ్గర గేటు పెడితే డబ్బుల్లేని కుర్రాళ్లు సముద్రం మానేస్తారా? తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికో, మంగమారిపేట వైపో, ఎవరూ చూడని చోటికి పోయి దిగుతారు. ఇంత పొడవు తీరంలో ప్రతి చోటా మనిషిని కాపలా పెట్టలేరు కదా. జనం ఒకచోట ఉంటేనే మా వాళ్లు కాపాడగలరు. ఇసకలో సీసా గుచ్చుకుంటే కుట్లు వేస్తారు, కెరటంలో పోయినవాడిని మేం వలలేసి వెతకాలి. వాళ్ల అమ్మానాన్నలు ఆ రాత్రంతా ఒడ్డునే కూర్చుంటారు. నేను చూశాను.

హైదరాబాద్ నాన్న:
తమ్ముడూ, ఇది నాకు తట్టలేదు. మేం కూడా నీళ్లు నిమ్మళంగా ఉన్నాయనే చోటే చూసుకుని పిల్లల్ని దింపాం, చదువుతుంటే ఇప్పుడు చేతులు చల్లబడ్డాయి. మనిషికి టికెట్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ డబ్బు లేకుండా బీచ్ శుభ్రంగా ఉండదన్న మాట మీద మాత్రం ఉన్నాను. కార్లో వచ్చేవాళ్ల దగ్గర పార్కింగ్ గట్టిగా వసూలు చేయండి, మేం ఇస్తాం. బస్సులో, నడిచి వచ్చేవాళ్లని వదిలేయండి.

పెదవాల్తేరు పిల్ల:
దానికైతే నేనూ సరేనంటాను. ఆ డబ్బు బీచ్‌కే ఖర్చు పెట్టాలి, లెక్క అక్కడే బోర్డు మీద రాయాలి.

హైదరాబాద్ నాన్న:
బాబుకి తగ్గిందండీ, ఇంజెక్షన్ అక్కడే వేయించాం. తమ్ముడూ, సంక్రాంతి సెలవులకి మళ్లీ వద్దామంటున్నారు పిల్లలు. ఎక్కడ దింపమంటావ్?

జాలరిపేట తమ్ముడు:
ఇక్కడి నుంచి చెప్పలేనన్నా. ఆ సందులు ఒకచోట ఉండవు, ఇసక కదిలినప్పుడల్లా మారిపోతాయి, నిన్న బాగున్న చోటు ఇవాళ లాగొచ్చు. వచ్చిన రోజు గజ ఈతగాళ్లలో ఎవరినైనా ఆపి అడగండి, పొద్దున్నే నీళ్లు చూసుకునే డ్యూటీ ఎక్కుతారు, వేలు పెట్టి చూపిస్తారు. పిల్లలకి మోకాలి లోతు దాటనివ్వకండి, మీరు సముద్రం వైపు నిలబడండి.