సంక్రాంతికి ఇండియా వెళ్తున్నాం: ఇంటి నీళ్ల మెయిన్ కట్టేయాలా, హీటింగ్ వేసి వదిలేస్తే సరిపోతుందా?

కోనసీమ టు ఫ్రిస్కో

అందరికీ నమస్తే. డిసెంబర్ మధ్యలో బయల్దేరి, అమలాపురంలో పండగ చేసుకుని, జనవరి నెలాఖరుకి తిరిగొస్తాం. ఇల్లు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో, రెండంతస్తులు. వాటర్ హీటర్ ఆటిక్‌లో, అంటే సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఖాళీలో ఉంది. హీటింగ్ థర్మోస్టాట్ 60 ఫారన్‌హీట్ మీద పెట్టేసి వెళ్దాం, ఇన్నేళ్లూ ఏమీ కాలేదుగా అంటారు మా ఆయన. పక్కింటాయన మాత్రం మెయిన్ వాల్వ్ కట్టేసి, ట్యాపులన్నీ తెరిచి పైపులు ఖాళీ చేసి వెళ్లమంటున్నాడు.

నాకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కరివేపాకు మొక్క, తులసి కుండీ చలికి లోపలికి తెచ్చి హాల్లో కిటికీ దగ్గర పెట్టాం. మా ఫ్రెండ్ వారానికోసారి వచ్చి నీళ్లు పోస్తానంది. మెయిన్ కట్టేస్తే తనకి నీళ్లెక్కడివి? మీరంతా ఏం చేస్తారో, ఎందుకో చెప్పండి.

వరంగల్ టు ఇర్వింగ్

కట్టేసి వెళ్లండి అక్కా.

2021 ఫిబ్రవరిలో ఇక్కడున్నవాళ్లకి ఈ విషయం వేరే చెప్పక్కర్లేదు. 16వ తేదీన డాలస్‌లో మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్. అంతకు ముందురోజు తెల్లవారుజాము నుంచే కరెంటు కోతలు మొదలయ్యాయి. మా వీధి చివరింటి వాళ్లు అప్పుడు హైదరాబాద్‌లో ఉన్నారు, తాళం చెవి నా దగ్గర ఉంది. పైపు గడ్డకట్టినంతసేపు ఏమీ తెలియలేదు. ఎండ వచ్చి ఐసు కరిగాక పోయి చూస్తే, పై బెడ్‌రూమ్ సీలింగ్ తడిసి ముద్దై మంచం మీద పడి ఉంది, దాని మీద ఆటిక్‌లోని ఇన్సులేషన్ కుప్పలుగా. మెట్ల మీంచి నీళ్లు జారుతున్నాయి. కింద కార్పెట్ మీద అడుగేస్తే చెప్పులు మునిగాయి. తర్వాత ప్లంబర్ కోసి తీసిన పైపు ముక్క చూశాను. చీలిక బొటనవేలంత కూడా లేదు. కానీ దాని వెనక సిటీ నీళ్ల ప్రెషర్ ఉంటుంది, ఎవరో ఒకరు వచ్చి బంద్ చేసేదాకా ఆగదు.

60 పెట్టి పోతామంటున్నారు. గ్యాస్ హీటింగే అయినా వేడిగాలిని ఇంట్లోకి నెట్టే బ్లోయర్ తిరగడానికి కరెంటు కావాలి. కరెంటు పోయిన ఇంట్లో థర్మోస్టాట్ ఎంత మీద ఉన్నా ఒకటే.

బెజవాడ టు ప్లేనో

అన్నా, మీరు చూసినదాన్ని కాదనను. కానీ 2021ని చూపించి ప్రతి చలికాలం అందరినీ భయపెట్టడం నాకు నచ్చదు. ఆ ఏడాదే టెక్సాస్ సెనేట్ బిల్ 3 అనే చట్టం తెచ్చింది, పవర్ ప్లాంట్లు చలికి తట్టుకునేలా సిద్ధం కావడం తప్పనిసరి చేసింది. ఆ తర్వాత 2022 డిసెంబర్‌లో, 2024 జనవరిలో గట్టి చలి వచ్చినా గ్రిడ్ వాళ్లు కోతలు పెట్టలేదు.

ఇంకోటి, ఆ వాల్వ్. పాత ఇళ్లలో గుండ్రటి చక్రం తిప్పే గేట్ వాల్వ్ ఉంటుంది. ఏళ్ల తరబడి ముట్టుకోని దాన్ని ప్రయాణం రోజు పొద్దున తిప్పితే పూర్తిగా మూసుకోకపోవచ్చు, లేదా కాడ దగ్గర కారడం మొదలుపెట్టొచ్చు. ఫ్లైట్ టైముకి ఆ టెన్షన్ అవసరమా? 60 పెట్టండి, సింకుల కింద అల్మారా తలుపులు తెరిచి ఉంచండి, బయటి ట్యాపులకి గొట్టాలు విప్పి ఫోమ్ కవర్లు తొడగండి. చలి మరీ ఎక్కువన్న రాత్రి మీ ఫ్రెండ్ వచ్చి ట్యాపులు సన్నధారగా వదిలి వెళ్తే చాలు. మాకు తెలిసినవాళ్లంతా ఇలాగే వెళ్లొస్తున్నారు.

వరంగల్ టు ఇర్వింగ్

గ్రిడ్ బాగుపడిందంటే ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ గ్రిడ్ వేరు, మన వీధి లైను వేరు. 2023 ఫిబ్రవరి మొదట్లో ఆస్టిన్‌లో ఏమైంది? గ్రిడ్‌లో కరెంటు ఉంది. ఐసు బరువుకి చెట్ల కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి, చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు రాలేదు. దానికి సెనేట్ బిల్ ఏం చేస్తుంది?

ఆ ఫ్రెండ్‌ని చలిరాత్రి నల్లాలు వదలడానికి రమ్మనడం మాత్రం వద్దు, దయచేసి. 2021లోనే ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో ఐసు పట్టిన హైవే మీద వందకు పైగా బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు పోయారు. మన పైపు కోసం ఇంకొకరిని ఆ రోడ్డు మీదికి ఎట్లా పంపుతాం?

మిన్నియాపోలిస్ నుంచి

టెక్సాస్ వాళ్ల మధ్య నేను మాట్లాడొచ్చో లేదో గానీ, మాకు ఇది ప్రతి ఏడాదీ ఉండే పనే కాబట్టి రాస్తున్నా. మా దగ్గర పునాదే 42 అంగుళాల లోతున వేయాలి, నీళ్ల లైను ఇంకా కిందనుంచి వస్తుంది. మెయిన్ వాల్వ్ బేస్‌మెంట్‌లో, వెచ్చగా, చేతికందే చోట ఉంటుంది. మీ ఇళ్లలో పైపులు ఆటిక్‌లో నడుస్తాయి, అంటే ఇన్సులేషన్‌కి అవతల. అందుకే మాకు మైనస్ 20 ఫారన్‌హీట్‌లో కానిది మీకు 15కే అవుతుంది. ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు దక్షిణాది ఇళ్ల కోసం చెప్పిన హెచ్చరిక గీత బయట 20 డిగ్రీల ఫారన్‌హీట్.

పైన ఇద్దరూ వాదిస్తున్నవి రెండు వేర్వేరు పనులు. హీటింగ్ పైపు పగలకుండా చూస్తుంది. మెయిన్ కట్టేయడం, పగిలినా ఇల్లు మునగకుండా చూస్తుంది. ఒకటి చేశాం కదా అని రెండోది మానేయకూడదు. మేం నాలుగు రోజులు ఊరెళ్లినా మెయిన్ కట్టేస్తాం, ఇల్లు వేడిచేసే ఫర్నేస్‌ని మాత్రం 55కి తగ్గనివ్వం. రెడ్ క్రాస్ చెప్పే అంకె కూడా అదే.

ట్యాపులు ఎందుకు తెరవాలో కూడా చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. కానీ చాలాసార్లు పైపు చీలేది గడ్డ ఉన్నచోట కాదు. గడ్డ పెరిగేకొద్దీ దానికీ, మూసి ఉన్న ట్యాపుకీ మధ్య ఇరుక్కున్న నీళ్ల మీద ప్రెషర్ పెరుగుతుంది, చీలిక అక్కడ వస్తుంది. ట్యాపు తెరిచి ఉంటే ఆ ప్రెషర్‌కి దారి దొరుకుతుంది. కాబట్టి మెయిన్ కట్టేశాక పైనా కిందా ట్యాపులు తెరిచి, నీళ్లు పోనిచ్చి, అలాగే వదిలేయండి. అడుగున కొంచెం నీళ్లు మిగిలినా ఫర్వాలేదు. తిరిగొచ్చాక మాత్రం ముందు ట్యాపులు మూసి, ఆ తర్వాతే మెయిన్ తెరవాలి.

గుంటూరు టు హ్యూస్టన్

నేను ఇన్సూరెన్స్ క్లెయిముల వైపు పనిచేస్తాను. చాలా హోమ్ పాలసీల్లో ఒక వాక్యం ఉంటుంది, ఎవరూ చదవరు. ఇంట్లో మనుషులు లేనప్పుడు పైపులు గడ్డకట్టి నష్టం జరిగితే, రెండిట్లో ఒకటి చేసి ఉండాలి: ఇల్లు వెచ్చగా ఉంచడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలి, లేదా నీళ్లు ఆపి, పైపులూ ఉపకరణాలూ అన్నీ ఖాళీ చేయాలి. అన్నీ అంటే అన్నీ. చాలామంది చేసే పని, మెయిన్ ఒక్కటి కట్టేసి, కరెంటు బిల్లు మిగులుతుందని హీటింగ్ కూడా ఆపేయడం. పైపుల్లో నీళ్లు అలాగే ఉంటాయి. అప్పుడు ఆ వాక్యంలో రెండు వైపులా మీకు నిలబడదు. నాకు ఇలాంటి ఫైలు చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. పిల్లల పుస్తకాలు, పెళ్లి ఆల్బమ్‌లు అన్నీ పోయి, పైన డబ్బూ రాదు.

హీటింగ్ వేసే ఉంచండి. వెళ్లే రోజు థర్మోస్టాట్‌కీ, మూసిన వాల్వ్‌కీ ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. పాలసీ ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, మీది తీసి చదవండి. సీలింగ్‌లో అగ్నిప్రమాదాల కోసం పెట్టే స్ప్రింక్లర్లు ఉన్న ఇల్లయితే వాటికి నీళ్లు ఆపకూడదు, అది గుర్తుంచుకోండి. టౌన్‌హోమ్‌ల వాళ్లు ముఖ్యంగా.

కోనసీమ టు ఫ్రిస్కో

చాలా థ్యాంక్స్ అండీ. మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. సీలింగ్ స్ప్రింక్లర్లు మాకు లేవు. రెండు అనుమానాలు మిగిలాయి. ఆటిక్‌లో వాటర్ హీటర్ 50 గాలన్లది, గ్యాస్‌ది. అది కూడా ఖాళీ చేయాలా? మొక్కల సంగతేంటి?

బెజవాడ టు ప్లేనో

మొక్కలకి రెండు బకెట్లు నింపి కుండీల పక్కన పెట్టి వెళ్లండి అక్కా, మూతలు పెట్టండి. దానికోసం మెయిన్ తెరిచి ఉంచక్కర్లేదు.

ఐస్ స్టార్మ్ విషయం అన్న చెప్పింది బలమైన పాయింటే, మెయిన్ కట్టేయడం వరకూ నేనూ సరే అంటాను. కానీ హీటింగ్ నడుస్తున్నప్పుడు హీటర్ ట్యాంకు ఖాళీ చేయడం అనవసరం. గ్యాస్ నాబ్ వెకేషన్‌లో పెట్టండి, అంతే. ఆటిక్‌లో ట్యాంకు తీసి నింపే హడావిడిలో కొత్త లీకు తెచ్చుకుంటారు.

మిన్నియాపోలిస్ నుంచి

ట్యాంకు మీద నాదీ అదే మాట. ఎలక్ట్రిక్ హీటర్ ఉన్నవాళ్లు మాత్రం బ్రేకర్ ఆపేయాలి, ఏ కారణం చేతనైనా ట్యాంకులో నీళ్లు తగ్గితే ఎలిమెంట్ మాడిపోతుంది. ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు నీళ్లు కాచే ట్యాంక్‌లెస్ హీటర్ వాళ్ల సంగతి వేరు. అందులో గడ్డకట్టకుండా కాపాడే చిన్న హీటర్ కరెంటుతోనే నడుస్తుంది, కరెంటు పోతే ఆ రక్షణా పోతుంది. దాని నీళ్లు తీసేయించి వెళ్లడమే మంచిది.

వరంగల్ టు ఇర్వింగ్

ఖాళీ చేస్తేనే మంచిదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. 50 గాలన్లు సీలింగ్ మీద ఉన్నాయంటే నాకు నిద్ర పట్టదు. అయితే మీ ఇల్లు, మీ నిర్ణయం అక్కా. కనీసం హీటర్ కింది ట్రే శుభ్రంగా ఉందా, దాని గొట్టం బయటికి తెరిచి ఉందా చూసుకోండి.

వాల్వ్ మాత్రం ప్రయాణం రోజుదాకా ఆపొద్దు. ఈ శనివారమే మూసి, కిచెన్ నల్లా తిప్పి చూడండి. కాసేపటికి ధార పూర్తిగా ఆగాలి. సన్నగా కారుతూనే ఉంటే వాల్వ్ పట్టట్లేదని అర్థం, ప్లంబర్‌ని పిలిచి బాల్ వాల్వ్ వేయించుకోవడానికి ఇంకా టైముంది. తోటకు నీళ్లు పెట్టే లైను మీ వాల్వ్‌కి ముందే పక్కకి విడిపోయి వెళ్తుంటే అది విడిగా కట్టాలి, దాని బయటి ఇత్తడి భాగంలో నీళ్లు కూడా తీసేయాలి. మీటరు బాక్సు మూత తెరిచే కీ మా గరాజ్‌లో ఉంది. ఫ్రిస్కో నాకు దూరమేం కాదు, మెసేజ్ పెట్టండి, తెచ్చిస్తా.