విక్టోరియన్ నవలలు ఇంత లావుగా ఎందుకుంటాయి?

సిరిమల్లె:
అందరికీ నమస్తే. డిగ్రీ లెక్చరర్ పరీక్షకి చదువుతున్నాను, సబ్జెక్టు ఇంగ్లీషు. కీట్స్, షెల్లీ వరకు బాగానే నడిచింది. విక్టోరియన్ నవల, అంటే విక్టోరియా రాణి కాలపు నవల దగ్గరికొచ్చి ఆగిపోయాను. డికెన్స్ 'బ్లీక్ హౌస్' తెరిస్తే మొదట అంతా పొగమంచే. ఆ తర్వాత వరసగా కొత్త కొత్త మనుషులు. ఎవరు ఎవరికేమవుతారో గుర్తుండక పక్కన పెట్టేశాను. థాకరే, ట్రోలోప్, జార్జ్ ఎలియట్... చేతిలో పట్టుకుని పడుకుని చదివే సైజు పుస్తకం ఒక్కటీ లేదు. నా దగ్గరున్న గైడులో 'డికెన్స్‌కి మాటకింత అని డబ్బులిచ్చేవారు, అందుకే సాగదీశాడు' అని రాశారు. నిజమేనా? మరి వెల్స్, కానన్ డాయిల్ కాలానికి పుస్తకాలు ఒక్కసారిగా సన్నబడ్డాయెందుకు? సారాంశాలతో సరిపెట్టుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు కానీ నాకు మనసొప్పడం లేదు.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, ముందు ఆ గైడు ఎవరికైనా ఇచ్చేయండి. మాటకింత అన్న లెక్క డికెన్స్ నవలలకి ఎప్పుడూ లేదు. నెలనెలా వచ్చే భాగానికి ఇంత అని ఒప్పందం. పల్చటి అట్టతో 32 పేజీలు, రెండు బొమ్మలు, వెల ఒక షిల్లింగు. మొత్తం 20 భాగాలు, చివరి రెండూ ఒకేసారి వచ్చేవి కాబట్టి 19 నెలలు. సాగదీసినా, కుదించినా ఆ 32 పేజీల్లోనే. 'బ్లీక్ హౌస్' అలా 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు దాకా వచ్చింది. మీరు ఏకబిగిన మింగబోయింది అప్పటివాళ్ళు ఏడాదిన్నర పైగా చదువుకున్న నవల.

ఈ పద్ధతి మొదలైన తీరు తమాషాగా ఉంటుంది. 1836లో చాప్‌మన్ అండ్ హాల్ అనే ప్రచురణకర్తలు రాబర్ట్ సీమోర్ అనే చిత్రకారుడి బొమ్మలకి తోడుగా ఏదో ఒకటి రాసిపెట్టమని 24 ఏళ్ళ డికెన్స్‌ని అడిగారు. అంటే బొమ్మలు ముందు, రాత తర్వాత. మొదటి భాగం వచ్చిన కొన్ని వారాలకే సీమోర్ ఆత్మహత్య చేసుకున్నాడు. పగ్గాలు డికెన్స్ చేతికొచ్చాయి. అదే 'పిక్విక్ పేపర్స్'. మొదట్లో కొనేవాడే లేడు. నాలుగో భాగంలో శామ్ వెల్లర్ అని, సత్రంలో బూట్లు తుడిచే కుర్రాడు వచ్చాడు. అక్కణ్ణించి అమ్మకాలు ఎగిరి, చివరికి నెలకి 40,000 ప్రతుల దాకా పోయాయి.

మన వారపత్రికల సీరియల్ పేజీలు చింపి బైండు చేయించుకున్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అప్పటి ఇంగ్లీషు పాఠకులకీ అంతే, తర్వాతి నెల భాగం వచ్చేదాకా ఎదురుచూపులు. రచయితకేమో పాఠకుల మాట మధ్యలోనే చెవినపడేది. 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లో మిస్ మౌచర్ అనే మరుగుజ్జు స్త్రీని మొదట కాస్త దుష్టురాలిలా చూపించాడు. డికెన్స్ ఇంటి దగ్గర్లో ఉండే, అలాగే పొట్టిగా ఉండే ఒకావిడ అది తననే అనుకుని బాధపడుతూ ఉత్తరం రాసింది. తర్వాతి భాగాల్లో మౌచర్ మంచిదైపోయింది! పుస్తకంగా చదివే మనకి అదేదో అతుకులా కనబడుతుంది. అతుకే మరి.

ఇక రెండో కారణం, మూడు సంపుటాల నవల. వెల 31 షిల్లింగుల 6 పెన్నీలు. 'క్రిస్మస్ కరోల్'లో బాబ్ క్రాచిట్ వారం జీతం 15 షిల్లింగులు. అంటే రెండు వారాలు పస్తులున్నా ఒక నవల రాదు. కాబట్టి జనం కొనేవాళ్ళు కాదు, అద్దె లైబ్రరీలో తెచ్చుకునేవాళ్ళు. అందులో పెద్దది చార్లెస్ ముడీది. ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు కడితే ఒక్కసారికి ఒక సంపుటం. నవల మూడు ముక్కలైతే ఒకే నవల ఒకేసారి ముగ్గురి చేతుల్లో తిరుగుతుంది. ముడీకి లాభం. వందల ప్రతులు కొనేది ఆయనే కాబట్టి ప్రచురణకర్తలు ఆయన మాట జవదాటేవారు కాదు. ఎమిలీ బ్రాంటీ 'వదరింగ్ హైట్స్' రెండు సంపుటాలకే అయిపోతే మూడోదిగా చెల్లెలు ఆన్ రాసిన 'ఆగ్నెస్ గ్రే'ని జతచేసి 1847లో అమ్మారు.

గట్టుమీద చెట్టు:
మాస్టారూ, అంతా కొట్టువాళ్ళ లెక్కే అన్నట్టు చెప్పేశారు. నేను ఒప్పుకోను. 'మిడిల్‌మార్చ్' సంగతేంటి? జార్జ్ ఎలియట్ ముందు లిడ్‌గేట్ అనే డాక్టరు కథ మొదలుపెట్టింది. విడిగా 'మిస్ బ్రూక్' అని ఇంకో కథ. రెండూ కలిపేసరికి మూడు సంపుటాల్లో పట్టలేదు. అప్పుడు ఆమె సహచరుడు లూయిస్ ఆలోచించి, ఎనిమిది భాగాలుగా వేయమని ప్రచురణకర్త బ్లాక్‌వుడ్‌కి చెప్పాడు. ఒక్కోటి 5 షిల్లింగులు, 1871 చివర్లో మొదలు. ఇక్కడ వ్యాపారమే నవలకి తగ్గట్టు వంగింది. ఒక ఊరు ఊరంతా కళ్ళముందు నిలబెట్టాలంటే అన్ని పేజీలు కావాలండీ. అందులో నేను తీసెయ్యమనే అధ్యాయం ఒక్కటీ లేదు.

థేమ్స్ తెలుగు:
నేనుండేది లండన్‌లో. 48 డౌటీ స్ట్రీట్‌లో డికెన్స్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 1837లో 'పిక్విక్' నడుస్తుండగానే 'ఆలివర్ ట్విస్ట్' ఇంకో పత్రికలో మొదలుపెట్టాడు, నెలకి రెండు డెడ్‌లైన్లు! ఆ మే నెలలో మరదలు మేరీ, 17 ఏళ్ళ పిల్ల, ఆ ఇంట్లోనే హఠాత్తుగా చనిపోయింది. తర్వాతి నెల రెండు సీరియళ్ళూ రాలేదు. ఆ గదిలో నిలబడితే 'సాగదీశాడు' అనే మాట నోటికి రాదు.

రిటైర్డ్ మాస్టారు:
చెట్టుగారూ, ఎలియట్ విషయంలో మీతో పేచీ లేదు. కానీ ఆమె అప్పటికే పెద్ద పేరు. కొత్తగా వచ్చినవాడు ఎనిమిది భాగాలంటే గుమ్మం బయటే నిలబెట్టేవారు. నవలాకారుడు హార్డీ అంతటివాణ్ణే చూడండి. అతని 'టెస్' నవల 1891లో 'గ్రాఫిక్' వారపత్రికలో వచ్చినప్పుడు, నీళ్ళు నిండిన దారి దాటించడానికి కథానాయకుడు ఏంజెల్ పాలుపితికే అమ్మాయిల్ని చేతులమీద ఎత్తుకుపోయే ఘట్టం ఉంది కదా, అది సభ్యంగా లేదని అతనికో తోపుడుబండి ఇవ్వాల్సొచ్చింది! పుస్తకంలో మళ్ళీ చేతులమీదికి మార్చుకున్నాడు. తర్వాత రాసిన 'జూడ్' నవల మీద రేగిన గొడవతో నవలలకే దండం పెట్టి కవిత్వంలోకి వెళ్ళిపోయాడు.

సిరిమల్లె గారి రెండో ప్రశ్న. సన్నబడ్డది 1894లో. ప్రచురణకర్తలు చవక ముద్రణలు త్వరత్వరగా తెచ్చేస్తుంటే లైబ్రరీల అల్మారాల్లో పాత సంపుటాలు గుట్టలుగా మిగిలిపోయాయి. ముడీ, డబ్ల్యు.హెచ్. స్మిత్ లైబ్రరీలు కలిసి సంపుటానికి 4 షిల్లింగులకి మించి ఇవ్వబోమన్నాయి. మూడు నాలుగేళ్ళలో మూడు సంపుటాల నవల దాదాపు మాయం. 6 షిల్లింగుల ఒంటి సంపుటం వచ్చింది. 1895లో వెల్స్ 'టైమ్ మెషీన్' వచ్చింది, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. డాయిల్‌ది ఇంకో తెలివి. సీరియల్లో ఒక సంచిక తప్పితే పాఠకుడు జారిపోతాడు కాబట్టి మనిషి ఒకడే, కథ మాత్రం ఏ నెలకానెల పూర్తి కావాలి అనుకున్నాడు. 1891 నుంచి 'స్ట్రాండ్' పత్రికలో షెర్లాక్ హోమ్స్ కథలు అలా వచ్చినవే.

సిరిమల్లె:
మాస్టారూ, థాంక్యూ. అయితే 'బ్లీక్ హౌస్' మళ్ళీ తెరుస్తాను. ఏ భాగం ఎక్కడ ఆగిందో నా పుస్తకంలో వేయలేదు. చెప్పగలరా?

రిటైర్డ్ మాస్టారు:
మొదటి భాగం 1 నుంచి 4 అధ్యాయాలు, రెండోది 5 నుంచి 7, మూడోది 8 నుంచి 10. అక్కడిదాకా వారానికొక భాగం చాలు. మొదట్లో బంధుత్వాలు గుర్తుపెట్టుకోవాలని టెన్షన్ పడకండి, ఎవరు ఎవరికేమవుతారన్నదే ఆ నవల దాచిపెట్టే గుట్టు. పరీక్ష కోసం మొదటి అధ్యాయంలో ఆస్తి తగాదాలు నడిచే ఛాన్సరీ కోర్టు వర్ణన మాత్రం రెండుసార్లు చదవండి. పదో భాగం 32వ అధ్యాయంతో ముగుస్తుంది. అందులో జరిగింది అసలు సాధ్యమే కాదని లూయిస్ పేపర్లో డికెన్స్‌తో దెబ్బలాడాడు, డికెన్స్ తర్వాతి భాగంలోనే జవాబిచ్చాడు. ఏం జరిగిందో చెప్పను. రాత్రి భోజనానికి ముందు మాత్రం ఆ అధ్యాయం చదవకండి.