చేతిరాత కుదరని పిల్లాడితో ఇంకా రాయించాలా, రాయడం తగ్గించాలా?

ఉప్పల్ అమ్మ:
మా బాబు నాలుగో తరగతి. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో అడిగితే గడగడా చెప్తాడు, అదే నోట్‌బుక్‌లో రాయమంటే అరగంటకి రెండు లైన్లు, అవీ గీత దాటి, పదాలు ఒకదాన్నొకటి అంటుకుని. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కుతాడంటే పేజీ చిరిగిపోతుంది. స్కూల్లో బద్ధకం అంటున్నారు, బాగాలేని పేజీ ఐదుసార్లు రాసుకు రమ్మంటున్నారు. రాత్రి పదిన్నర దాకా ఏడుస్తూ రాస్తున్నాడు. నిన్న ‘చెయ్యి నా మాట వినట్లేదమ్మా’ అన్నాడు. నాకైతే ఇది ఆపించాలనే ఉంది. మీరేమంటారు?

మలక్‌పేట మాస్టారు:
ఆపొద్దమ్మా. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను, రాయకుండా రాత కుదిరిన పిల్లాణ్ణి చూడలేదు. ఇప్పుడే టైపింగో, ఇంకొకరు రాసిపెట్టడమో అలవాటు చేస్తే పదో తరగతిలో ఏం చేస్తాడు? పక్కన కూర్చుని రాయించండి.

కూకట్‌పల్లి నాన్న:
మాస్టారూ, గౌరవంతోనే చెప్తున్నా, మా పాపకి మేమూ అదే చేసి రెండేళ్లు పోగొట్టుకున్నాం. ‘ట’ని కింద నుంచి మొదలుపెట్టేది, ఎన్ని కాపీలు రాసినా కింద నుంచే, రాసేకొద్దీ ఆ తప్పే గట్టిపడింది. ఇలా ఎంత రాసినా రాత కుదరని ఇబ్బందిని డిస్‌గ్రాఫియా అంటారు, తెలివికీ దీనికీ సంబంధం లేదు. ‘రాష్ట్రం’ రాసి చూడండి: ‘ష’ రాశాక కిందికి దిగి ట వత్తు, ర వత్తు, మళ్లీ పైకొచ్చి సున్నా. మనకి అలవాటైపోయి తెలియదు కానీ, ఆ దిగడం ఎక్కడంలోనే మా పాప ఏం రాయాలనుకుందో మర్చిపోయేది.

ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రాయడం లాంటి రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే నిపుణులు) ముందు చూసింది నోట్‌బుక్ కాదు, పాప కూర్చునే తీరు. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయని కింద పీట వేయమన్నారు. చపాతీ పిండి పిసికించమన్నారు. పళ్లెంలో బియ్యం పోసి వేలితో పెద్ద పెద్ద అక్షరాలు రాయించమన్నారు (అక్షరాభ్యాసం రోజు ఒక్కసారి రాయించి వదిలేసిన బియ్యమే). రాత రోజుకి పది నిమిషాలు, అంతే. సైన్సూ సోషలూ తను చెప్తుంటే వాళ్లమ్మ రాసిపెట్టేది.

మేడం, పరీక్షల గురించి టెన్షన్ పడకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో డిస్‌గ్రాఫియా ఉంది. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈలో మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట ఇస్తారు, అవసరమైతే స్క్రైబ్‌ని, అంటే పిల్లలు చెప్తుంటే రాసిపెట్టే మనిషిని కూడా. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ అని, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, అక్కడ అడిగి చూడండి.

మలక్‌పేట మాస్టారు:
స్క్రైబ్ మాట నాకింకా మింగుడు పడట్లేదు బాబూ. రాస్తుంటేనే ఆలోచన ఒక దారికి వస్తుంది, ఆ పని ఇంకొకరి చేతికి ఇచ్చేస్తే ఎలా? కానీ ఐదుసార్ల సంగతి వేరు. నేనూ చాలామందితో రాయించాను. ఒకడు గుర్తొస్తున్నాడు, పద్యం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పేవాడు, నోట్‌బుక్ మాత్రం చూపించకుండా దాచేవాడు. వాణ్ణి కొట్టాను కూడా.

ఉప్పల్ అమ్మ:
మాస్టారూ, ఆ మాట చెప్పినందుకు థాంక్సండీ. రేపు స్కూలుకి వెళ్తున్నా. ఒక్కసారే రాయించి, మిగతాది నోటితో అప్పజెప్పించుకోమని అడుగుతా. ఇప్పుడే చూశాను, వీడి కాళ్లు కూడా నేలకి అందట్లేదు.