బుగులు తగ్గనీకి యోగా, ఊపిరి కసరత్తు – ఎవరికి ఏది పనిచేసింది?

మిల్లు_గుమస్తా (మిర్యాలగూడ):
అన్నలు, అక్కలు జర చెప్పుండ్రి. నాది రైస్ మిల్లుల లెక్కలు రాసే పని, వడ్ల సీజన్ వచ్చిందంటే తిండికి టైం ఉండది నిద్రకు టైం ఉండది, లారీలు లైన్ కట్టినయంటే అర్ధరాత్రి దాక ఫోన్ మోగుతనే ఉంటది. పండుకున్నంక గుండె దడదడ, ఏదో అయితదని బుగులు. డాక్టర్ ఈసీజీ, థైరాయిడ్ అన్నీ చూసి ఏం లేదు టెన్షనే, యోగా చెయ్యి అన్నడు. యూట్యూబ్ తెరిస్తే ఒక్కొక్కలు ఒక్కొక్కటి చెప్తున్నరు, పొద్దుగాల నాలుగింటికి లెవ్వాలె అంటున్నరు, అది నాతోటి కాదు.

పాలమూరు_టీచరమ్మ:
తమ్మీ, ఆసనాలు తర్వాత చూద్దాం గని ముందుగాల ఊపిరి ఇడిశిపెట్టుడు నేర్చుకో. అందరు పీల్చుడు మీదనే పడ్తరు, అసలు పని ఇడిశేకాడ ఉన్నది. మంచం మీదనే ఎల్లెలకల పండుకొని పొట్ట మీద చెయ్యి పెట్టు, ముక్కుతోటి నాలుగు లెక్కపెట్టేదాక పీల్చు, ఆరో ఎనిమిదో లెక్కపెట్టేదాక మెల్లగ ఇడువు. లెవ్వాల్సింది పొట్ట, ఛాతి కాదు. నమ్మకం లేకపోతే మణికట్టు కాడ నాడి పట్టి చూడు, పీల్చేటప్పుడు జర ఉరుకుతది, ఇడిశేటప్పుడు నిదానమైతది. మెదడు నుంచి గుండె దాక పొయ్యే వేగస్ నరం ఊపిరి ఇడిశేటప్పుడు గుండెకు బ్రేక్ ఏస్తది, గంతే సంగతి, ఇండ్ల మంత్రం లేదు మాయ లేదు.

గడియారం_సెంటర్_అన్న (నల్గొండ):
గింతదానితోటి ఏమైతదక్కా, కపాలభాతి చెయ్యుమను, పొట్ట లోపటికి గుంజుకుంట ముక్కుతోటి ఊపిరి జోరుగ ఇడుసుడు. మేము ఎన్జీ కాలేజీ గ్రౌండ్ల వాకింగ్ అయినంక అందరం కలిసి చేస్తం, పెయ్యంత తేలికైతది, నిద్రమబ్బు ఎగిరిపోతది.

పాలమూరు_టీచరమ్మ:
నిద్రమబ్బు ఎగరగొట్టేది నిద్ర పట్టనోనికి చెప్తరా అన్నా 😄 పొద్దుగాల ఖాళీ కడుపుతోటి చేస్తే మంచిదే, కాదంటలే. గని బీపీ ఎక్కువున్నోళ్లు, గుండె జబ్బున్నోళ్లు, హెర్నియా ఉన్నోళ్లు, కడుపుతోటి ఉన్నోళ్లు చెయ్యొద్దు. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగా పుస్తకంల కూడ దాన్ని ప్రాణాయామంల కలపలే, కడుపు, ముక్కు కడుక్కునే ధౌతి, నేతి అసొంటి శుద్ధి క్రియలల్ల చెప్పిండ్రు.

మర్రిగూడ_బిడ్డ:
మా అమ్మ ముచ్చట చెప్త. మా దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై బొక్కలు గట్టిపడే సంగతి అందరికి ఎర్కే, మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాకముందు బోరు నీళ్లు తాగిన పానాలు. మోకాళ్లు వంగయి, మెడ తిరగది, మోచేతులు పూర్తిగ సాగవు. ఊర్ల యోగా క్లాస్ పెడితే వచ్చినాయన మోకాళ్లు మడిచి మడిమల మీద కూసునే వజ్రాసనం ఏసి కూసోమన్నడు, మా అమ్మ ఆయన దిక్కు చూసి "నాట్లేసిన దినాలల్ల రాకపోతివి బిడ్డా" అన్నది. ఇగ ఇంట్లనే గోడకు ప్లాస్టిక్ కుర్చీ ఆనిచ్చి భ్రామరి చేపిస్తున్న. చెవులు మూసుకోవాలంటరు గని ఆమె చెయ్యి చెవుదాక రాదు, చేతులు ఒళ్లె పెట్టుకొని నోరు మూసి, ఊపిరి అయిపోయేదాక గొంతుల 'మ్...' అంటది, పెదాలు, ముక్కు దూలం అదురుతయ్. మనవరాలు నవ్వుతది, నవ్వుకుంటనే పక్కకు కూసొని తను కూడ చేస్తది. నొప్పులు పోయినయా అంటే పోలే, గట్టిపడ్డ బొక్కలు ఊపిరితోటి కరగవు, గా ఆశ ఎవ్వరు పెట్టుకోవద్దు. నొప్పితోటి వచ్చే చికాకు తగ్గింది, పక్కింటోళ్లను తిట్టుడు కూడ తగ్గింది.

నారాయణపేట_మగ్గం:
యోగ సూత్రాలు రాసిన పతంజలి చెప్పింది కూడ స్థిరసుఖమాసనం అనే కదక్కా, కదలకుంట సుఖంగ కూసుంటే అదే ఆసనం, కుర్చీ అయితే ఏంది. నాది గుంత మగ్గం, దినమంత కాళ్లు గుంతల, నడుము ముందటికి వంగి, పొద్దుమీకి భుజాలు చెవులకు ఎక్కి ఉంటయ్. మధ్యాన్నం లేచి సాప మీద మార్జాలాసనం ఏస్త, పిల్లి లెక్క చేతుల మీద, మోకాళ్ల మీద వంగి, పీల్చుకుంట నడుము కిందికి, ఇడుచుకుంట పైకి. తర్వాత బోర్ల పండుకొని మకరాసనం. జూన్ 21 యోగా దినం నాడు గ్రౌండ్ నిండ జనం, ఫొటోలు, తెల్లారి చూస్తే ఎవ్వడుండడు, గందుకే నేను గుంపుల చెయ్య.

గద్వాల_అన్న:
ఎండకాలం శీతలి చెయ్యుండ్రి, నాలిక గుండ్రంగ చుట్టి నోటితోటి పీల్చి ముక్కుతోటి ఇడువుడు, గొంతు సల్లగైతది. కొందరికి నాలిక చుట్టరాదు, వాళ్లు పండ్ల సందుల నుంచి పీలిస్తే శీత్కారి. మిల్లుల ఉబ్బకు మంచిగుంటది తమ్మీ.

పాలమూరు_టీచరమ్మ:
మిల్లుల మాత్రం వద్దు. నోటితోటి పీలిస్తే ముక్కు వడపోసేది ఉండదు, ఊక దుమ్ము నేరుగ లోపటికి పోతది. ఇంటికి పోయినంక చేసుకో.

నర్సక్క_సూర్యాపేట:
ఒక్క మాట, ఎవ్వరు మర్చిపోవద్దు. ఛాతి నొప్పి చేతికో దవడకో పాకుతుంటే, చెమటలు పడ్తుంటే, ఊపిరి కసరత్తు చేసుకుంట కూసోవద్దు, 108 కు కొట్టుండ్రి. యోగా మొదలుపెట్టినమని బీపీ గోళీలు సొంతంగ బంజెయ్యొద్దు. దినాలకు దినాలు బుగులు పోకపోతే మనసు బాధలకు సర్కారు ఫోన్ లైన్ టెలీ మానస్ 14416 ఉన్నది, పైసలు పడయ్, తెలుగుల మాట్లాడ్తరు. దాంట్ల సిగ్గేంలేదు.

మిల్లు_గుమస్తా:
అందరికి థ్యాంక్స్. అక్కా, నువ్వు చెప్పినట్టు చేస్తున్న, నిద్ర కొంచెం జల్దిగనే వస్తున్నది గని ఎనిమిది దాక ఇడిస్తే మల్ల ఆత్రంగ పీల్చుకోవాల్సొస్తున్నది.

పాలమూరు_టీచరమ్మ:
అట్లైతే ఎనిమిది వద్దు, మూడు పీల్చి ఐదు ఇడువు. బలవంతంగ బిగవట్టుకోకు. అలవాటైనంక నాడీ శోధన చెప్త, కుడి బొటనేలుతోటి కుడి ముక్కు, ఉంగరం ఏలుతోటి ఎడమ ముక్కు మార్చి మార్చి మూసుడు, అది కూసొని చేసేది.

గడియారం_సెంటర్_అన్న:
ఐతారం మా గ్రౌండ్‌కు రా తమ్మీ. కపాలభాతి అని బలవంతం చెయ్య, చాయ్ మాత్రం తాపిస్త.

మిల్లు_గుమస్తా:
సీజన్ అయినంక వస్తనన్నా. లారీ వచ్చింది, మల్ల మాట్లాడ్త.