బెత్‌తో చెప్పిన ఆ ఒక్క మాట: శామ్ తన స్నేహితుణ్ణి కాపాడాడా, చెరిపేశాడా?

కాలనాళిక
అమెరికన్ కాలప్రయాణ టీవీ సీరియల్ క్వాంటమ్ లీప్ చివరి ఎపిసోడ్ చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. కథంతా విప్పేస్తున్నా.

చూసి చాలా కాలమైనవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఎన్‌బీసీలో 1989 మార్చి నుంచి 1993 మే 5 దాకా ఐదు సీజన్లు, 97 ఎపిసోడ్లు. డాక్టర్ శామ్ బెకెట్ మామూలుగా తన జీవితకాలంలోకే, అంటే 1953 తర్వాతి రోజుల్లోకే దూకగలడు. ఈ దూకడాన్నే లీప్ అంటారు. దూకిన చోట ఎవరో ఒకరి స్థానంలో ఉంటాడు. లోకానికి ఆ మనిషే కనిపిస్తాడు, అద్దంలోనూ ఆ మొహమే. అసలు మనిషి మాత్రం భవిష్యత్తులో, ఈ ప్రయోగం నడిపే ప్రాజెక్టు వాళ్ల వెయిటింగ్ రూమ్‌లో ఉంటాడు. తప్పిపోయినదేదో సరిచేస్తే గానీ శామ్ అక్కణ్ణుంచి కదలలేడు. అతని స్నేహితుడు, నేవీ అధికారి ఆల్ కాలవిచీ హోలోగ్రామ్‌గా వచ్చి, జిగ్గీ అనే కంప్యూటర్ కట్టిన లెక్కలు చేతిలోని హ్యాండ్‌లింక్ చూసి చెబుతుంటాడు.

చివరి ఎపిసోడ్ ‘మిర్రర్ ఇమేజ్’ ముగింపులో శామ్ 1969కి వెళ్లి, ఆల్ మొదటి భార్య బెత్‌తో ‘ఆల్ బతికే ఉన్నాడు, తిరిగొస్తాడు’ అని చెప్తాడు. తర్వాత నల్లటి తెర మీద అక్షరాలు. బెత్ మరో పెళ్లి చేసుకోలేదు, ఆల్‌తో నలుగురు కూతుళ్లు, రాబోయే జూన్‌లో 39వ పెళ్లిరోజు. ఆ వెనకే ఇంకో కార్డు: శామ్ ఇంటికి తిరిగి రాలేదు.

అందరూ రెండో కార్డుకి ఏడుస్తారు. నన్ను నిద్రపోనివ్వనిది మొదటిది. ఐదు సీజన్లపాటు మనం చూసిన ఆల్ వియత్నాంలో బందీగా ఉండగా బెత్ మరొకర్ని చేసుకుంది, ఆయనకి మొత్తం ఐదు పెళ్లిళ్లు. స్టార్ బ్రైట్ అనే ఇంకో ప్రాజెక్టు రోజుల్లో తాగిన మత్తులో, డబ్బులు మింగేసిన వెండింగ్ మెషిన్ని సుత్తితో బాదుతుండగా శామ్‌కి పరిచయమయ్యాడు. శామ్ చేయందించి పైకి లాగాడు. ఆ స్నేహమంతా ఆ గాయం మీద మొలిచిందే. గాయాన్ని 1969లోనే తుడిచేస్తే మిగిలేది అదే పేరున్న ఇంకో మనిషి. మన ఆల్‌ని ఎవరూ అడగలేదు, చెప్పలేదు. ఇది కాపాడటమా?

హ్యాండ్‌లింక్
ఎవరూ అడగలేదా? ఆయనే కాళ్లావేళ్లా పడ్డాడు కదండీ! రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్ ‘ఎమ్.ఐ.ఎ.’ మళ్లీ చూడండి. 1969 ఏప్రిల్ 1, శాన్ డియేగో. శామ్ అక్కడ జేక్ రాలిన్స్ అనే పోలీసు. ఆల్ వియత్నాంలో బందీ, ఇక్కడ ఆయన బతికున్నట్టు ఎవరికీ తెలియదు. బెత్‌కి అప్పుడే డర్క్ సైమన్ అనే లాయరు పరిచయమవుతున్నాడు. అసలు పని వేరే అని తెలిసీ, బెత్‌ని ఆపడమే పని అని ఆల్ శామ్‌కి అబద్ధం చెప్తాడు. దొరికిపోయాక, సొంత జీవితాల్ని మార్చుకోకూడదన్న నిబంధన నిబంధనే అని శామ్ ఒప్పుకోడు. చివరికి ఆల్ హోలోగ్రామ్‌గానే బెత్ పక్కన నిలబడి, ఆమెకి కనిపించకుండా నాట్యం చేసి వెళ్లిపోతాడు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆయన కోరిందే ఆయనకి దక్కింది.

కాలనాళిక
కోరినవాడికి దక్కలేదు, అదే నా బాధ. ‘ఎమ్.ఐ.ఎ.’లో ఏడ్చిన ఆల్ ఆ సుఖాన్ని ఒక్క క్షణం కూడా చూడలేదు. దాన్ని అనుభవించినవాడికి అది పోగొట్టుకున్న బాధే తెలియదు. ఒకడు ఆకలితో అరిస్తే ఇంకొకడికి భోజనం పెట్టినట్టుంది.

మూడో టేకు
ఇద్దరూ మనోభావాల దగ్గరే తిరుగుతున్నారు. యంత్రం ఎలా పనిచేస్తుందో కథే ఒకసారి చూపించింది, అక్కణ్ణుంచి మొదలెట్టాలి.

నాలుగో సీజన్ చివర ‘ఎ లీప్ ఫర్ లీసా’. 1957, శామ్ కుర్ర ఆల్ స్థానంలో ఉంటాడు, కుర్ర ఆల్ మీద హత్యానేరం. శిక్ష పడే అవకాశం శాతాల్లో పెరుగుతూ పోతుంటుంది. అది నూరు కాగానే హోలోగ్రామ్‌గా ఆల్ రావడం ఆగిపోయి, ఎడ్వర్డ్ సెయింట్ జాన్ అనే పెద్దమనిషి వస్తాడు. కంప్యూటర్ పేరు కూడా జిగ్గీ కాదు, ఆల్ఫా. ఆ కొత్తాయనకి అంతా మామూలే, తానెప్పుడూ అక్కడే ఉన్నట్టు మాట్లాడతాడు. ఆల్ ఏడీ అని అడిగేది శామ్ ఒక్కడే.

ఇందులోంచి రెండు విషయాలు తేలతాయి. ఒకటి, ఆల్ గతం కదిలితే ప్రాజెక్టు కూడా కదులుతుంది. రెండు, పాత చరిత్ర దూకినవాడి తలలో మాత్రం మిగులుతుంది. ఇప్పుడు దీన్ని ‘మిర్రర్ ఇమేజ్’కి పెట్టి చూడండి. పాత ఆల్ గుర్తున్న మనిషి లోకంలో ఒక్కడే, శామ్. ఆ శామ్ తిరిగి రాలేదు. పైగా లీప్ అయిన ప్రతిసారీ అతని జ్ఞాపకాలకి చిల్లులు పడతాయని మొదటి ఎపిసోడ్ నుంచీ చెబుతూనే ఉన్నారు. కాలనాళిక గారు ‘చెరిపేశాడు’ అంటున్నారు గానీ, చెరపడం అక్కడితో ఆగలేదు. ఉన్న ఒక్క నకలూ చిల్లుల తలలో పెట్టుకుని ఊరూరా తిరుగుతోంది.

నల్లతెర
‘దూకినవాడికే గుర్తుంటుంది’ అన్నది పూర్తిగా నిలబడదు. ఐదో సీజన్ మొదట్లో, అమెరికా అధ్యక్షుడు కెనడీని చంపిన ఆస్వాల్డ్ కథ గుర్తుందా? 1963 డాలస్. శామ్ కెనడీని కాపాడలేకపోతాడు. అప్పుడు ఆల్ చెప్పే మాట: మొదటి చరిత్రలో కెనడీ భార్య జాకీ కూడా చనిపోయింది, నువ్వు కాపాడింది ఆమెని. అంటే పాత చరిత్ర ఆల్‌కీ గుర్తుంది. మామూలు ఎపిసోడ్లలో కూడా ‘మొదట ఇలా జరిగింది, ఇప్పుడు ఇలా మారింది’ అని చదివి చెప్పేది ఆయనే. కాబట్టి కొత్త పెళ్లి నిజమైన మరుక్షణం పాత ఐదు పెళ్లిళ్లూ ఆయన తలలో ఉండే అవకాశం కొట్టిపారేయలేం.

అన్నట్టు, ఆ ఆస్వాల్డ్ ఎపిసోడ్‌లో ఇంకో కొసమెరుపు ఎవరూ పట్టించుకోరు. జాకీ బతికిన చరిత్ర మనది. అంటే చూస్తున్న మనం ఉన్నది అసలు ప్రతిలో కాదు, శామ్ దిద్దిన ప్రతిలో.

మూడో టేకు
ఆల్‌కి గుర్తుంటుంది సరే, తన గతం మారనంతవరకు. జాకీ బతికినా చచ్చినా ఆల్ ఆల్‌గానే ఉన్నాడు. సెయింట్ జాన్ వచ్చినప్పుడు అసలు ఆల్ అనేవాడే లేడు, ఇక ఎవరి తలలో గుర్తుంటుంది? బెత్ విషయం ఈ రెండింటి మధ్యది. మనిషి ఉన్నాడు, లోపలి 25 ఏళ్లు మారిపోయాయి. ఇలాంటిదానికి కథలో ఇంకో ఉదాహరణ దొరికితే చెప్పండి, మాట వెనక్కి తీసుకుంటా.

వెయిటింగ్ రూమ్
ఉదాహరణ ఉంది: డోనా. మొదటి సీజన్ ‘స్టార్ క్రాస్డ్’లో శామ్ 1972కి వెళ్లి, తర్వాత తనని పెళ్లిపీటల దగ్గర వదిలేసి పోబోయే డోనాని ఆమె తండ్రితో కలుపుతాడు. ఫలితం నాలుగో సీజన్ ‘ది లీప్ బ్యాక్’లో బయటపడుతుంది. ఇంటికొచ్చిన శామ్‌కి డోనా భార్య. ఇన్నాళ్లూ ఆ సంగతి అతనికి చెప్పకుండా దాచమన్నది కూడా ఆమే. పెళ్లయిందని తెలిస్తే లీపుల్లో చేయాల్సినవి చేయలేడని. తర్వాత 1945లో చిక్కుకున్న ఆల్ కోసం శామ్ మళ్లీ దూకుతాడు, డోనాని మళ్లీ మరిచిపోతాడు. చివరి కార్డుల్లో ఆమె పేరు కూడా లేదు.

ఇక్కడే అసలు కంపు ఉంది. ఐదో సీజన్ ‘ట్రిలజీ’ మూడు భాగాలు, లూసియానా. 1955లో శామ్ చిన్నపిల్ల అబిగేల్‌కి తండ్రి. 1966లో అదే అబిగేల్‌కి కాబోయే భర్త విల్. 1978లో ఆమె తరఫు లాయరు. మధ్య భాగంలో ఆమెతో ఒక రాత్రి గడుపుతాడు. ఆమె కళ్లకి అతను విల్. పుట్టిన పాప శామీ జో శామ్ బిడ్డ, పెద్దయ్యాక అదే ప్రాజెక్టులో పనిచేస్తుంటుంది. సంగీతం మెల్లగా వాయించి దీన్ని తీపి ముగింపుగా చూపించారు. అబిగేల్ ఒప్పుకున్నది విల్‌కి. విల్ వెయిటింగ్ రూమ్‌లో ఉన్నాడు. ఇంట్లో డోనా ఉంది. ఒక్క రాత్రిలో ముగ్గురిని అడగకుండా చేసిన పని అది. ఆల్ ఒక్కడికే అన్యాయం జరిగినట్టు ఈ చర్చ ఎందుకు?

హ్యాండ్‌లింక్
అది పరకాయ ప్రవేశం అనుకుంటే బిడ్డ విల్‌దే అవ్వాలి కదా?

వెయిటింగ్ రూమ్
పరకాయ ప్రవేశం కాదు. దేహాలే చోటు మార్చుకుంటాయి, పైన కనిపించే రూపం మాత్రం పాతది. ‘బ్లైండ్ ఫెయిత్’లో అంధుడైన పియానో కళాకారుడి స్థానంలో ఉన్నా శామ్‌కి చూపు ఉంటుంది. కాళ్లు లేని సైనికుడి స్థానంలో నడవగలడు. ఇంతవరకు లెక్క కుదురుతుంది. ‘ఎయిట్ అండ్ ఎ హాఫ్ మంత్స్’లో నిండు గర్భిణి స్థానంలోకి వెళ్లి నొప్పులు పడినప్పుడు మాత్రం రచయితలు తమ లెక్కే తాము తప్పారు. దేహం అతనిదే అయితే లోపల శిశువు ఎలా ఉంటుంది? దానికి సమాధానం వెతికి తల పగలగొట్టుకోకండి, లేదు.

మూడో టేకు
డోనా మంచి ఉదాహరణ. కానీ అక్కడ మారింది శామ్ పెళ్లి, మారకముందు మనిషి శామ్‌కే గుర్తులేడు. చిల్లులు. అంటే నా మాటకే బలం.

నల్లతెర
అందరూ ఒక బాకీని మరిచిపోతున్నారు. మూడో సీజన్ మొదట్లో ‘ది లీప్ హోమ్’ రెండో భాగం, వియత్నాం, 1970 ఏప్రిల్. శామ్ తన అన్న టామ్ దళంలోనే మ్యాజిక్ అనే సైనికుడి స్థానంలో ఉంటాడు. మ్యాగీ డాసన్ అనే ఫొటో జర్నలిస్టు వాళ్లతో వస్తుంది. టామ్ బతుకుతాడు, మ్యాగీ చనిపోతుంది, బందీలను విడిపించే పని చెడిపోతుంది. ఆమె తీసిన చివరి ఫొటోలో బందీల్లో ఒకడు ఆల్. తాను అక్కడే ఉన్నానని ఆల్‌కి మొదటి నుంచీ తెలుసు. నోరు విప్పితే శామ్ అన్నని కాపాడటం మానేసి తనకోసం పరుగెత్తుతాడని చెప్పలేదు.

ఈ ఎపిసోడ్ ‘ఎమ్.ఐ.ఎ.’ తర్వాతి సీజన్ మొదట్లోనే వచ్చింది. అంటే బెత్ కోసం బతిమాలి భంగపడ్డ మనిషే, వెంటనే తన విడుదలని స్నేహితుడి అన్నకి ధారపోశాడు. చివరి ఎపిసోడ్‌లో శామ్ తీర్చింది ఆ రుణం. ఆల్‌ని అడగలేదంటారా, అన్నని బతికించేముందు ఆల్ కూడా శామ్‌ని అడగలేదు. వాళ్లిద్దరి మధ్య పద్ధతే అది.

కాలనాళిక
ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. కానీ రుణం తీర్చుకుంటూ అప్పిచ్చినవాడినే మార్చేస్తే అది తీరినట్టా?

హ్యాండ్‌లింక్
2022లో వచ్చిన కొత్త సిరీస్ లెక్కలోకి తీసుకుంటే ఈ భయాలు సగం పోతాయి. అందులో బెన్ సాంగ్ దూకుతాడు. ఆల్ అప్పటికే చనిపోయాడు, ఆ పాత్ర వేసిన డీన్ స్టాక్‌వెల్ 2021లో పోయారు. బెత్ ఆయన భార్యగానే కనిపిస్తుంది, జానిస్ అనే కూతురూ ఉంది. ప్రాజెక్టులో ఆల్ పనిచేసిన చరిత్ర కూడా చెక్కుచెదరలేదు. కొత్త ప్రాజెక్టు నడిపేది ఎవరనుకున్నారు? ఆ వియత్నాం సైనికుడు మ్యాజిక్. శామ్ తన స్థానంలోకి వచ్చి వెళ్లాడని ఏళ్ల తర్వాత తెలుసుకుని ఈ పనిలో చేరినవాడు. అడగకుండా వాడుకున్నారని వెయిటింగ్ రూమ్ గారు అంటున్నవాళ్లలో ఒకడికి కోపం లేదు, కృతజ్ఞత ఉంది.

వెయిటింగ్ రూమ్
ఒక్కడికి. ‘కిల్లిన్ టైమ్’లో హంతకుడు లియాన్ స్టైల్స్ వెయిటింగ్ రూమ్ నుంచి తప్పించుకుని శామ్ రూపంలో ఊళ్లో పడ్డాడు. అందరూ చేతులు కట్టుకుని కృతజ్ఞతతో కూర్చోరు. పైగా ప్రతి ఎపిసోడ్ నీలికాంతితో ఎక్కడ తెగుతుందో చూడండి. పని పూర్తయిన క్షణంలో. రాజీనామా ఇచ్చేసిన ఉద్యోగం, తెంచేసిన నిశ్చితార్థం, కొట్టిన మనిషి... ఇవన్నీ మర్నాడు తిరిగొచ్చినవాడి నెత్తి మీద. శామ్‌కి మర్నాడు ఉండదు, అందుకే అతను మంచివాడిగా మిగిలిపోయాడు.

అద్దంలో మనిషి
ఇంతసేపూ ఆల్ గురించే మాట్లాడారు. నేను బెత్ దగ్గర ఆగిపోయాను.

‘మిర్రర్ ఇమేజ్’ మొదట్లో శామ్ దిగేది 1953 ఆగస్టు 8, తను పుట్టిన రోజు. పెన్సిల్వేనియాలోని ఓ గని ఊరు, ఒక బార్. అద్దంలో చూసుకుంటే తన మొహమే. అటు వెయిటింగ్ రూమ్ ఖాళీ, అందుకే ప్రాజెక్టు వాళ్లకి అతన్ని వెతికి పట్టుకోవడం కష్టమైంది. అంటే ఎవరి చోటూ లాక్కోకుండా తానుగా దూకిన లీప్ అది. అక్కణ్ణుంచే నేరుగా బెత్ ఇంటికి వెళ్లాడు. ఈసారి జేక్ రూపంలో వెళ్లాడనడానికి ఆధారం లేదు, బెత్ అతన్ని తెలిసినవాడిలా పలకరించదు కూడా. కాబట్టి ఆమె చూసింది శామ్ అసలు మొహాన్ని అనుకుందాం.

ఇక లెక్క వేయండి. 1969లో అసలు శామ్‌కి పదహారేళ్లు కూడా నిండలేదు. ఆమె ఇంట్లో నిలబడ్డవాడు నడివయసు మనిషి. సుఖాంతమే, కానీ నువ్వు నమ్మితేనే అన్నట్టు చెప్పి వెళ్లాడు. ఆమె నమ్మింది. నిజ చరిత్రలో ఆ బందీలు విడుదలైంది పారిస్ ఒప్పందం తర్వాత, 1973 ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య. దాదాపు నాలుగేళ్లు ఒక అపరిచితుడి మాట మీద ఎదురుచూసింది. సరే, ఆల్ వచ్చాడు, కూతుళ్లు పుట్టారు. తర్వాత ఏదో ఒక సాయంత్రం ఆల్ తన కొత్త సహోద్యోగిని ఇంటికి తీసుకొస్తాడు. ‘ఇతను శామ్.’ బెత్‌కి ఆ మొహం తెలుసు. ఇంకా కాస్త కుర్రగా ఉంది, అంతే.

ఏటేటా ఆ మొహం 1969 నాటి మొహానికి దగ్గరవుతుంటే చూస్తూ ఉండాలి. ప్రయోగం జరగబోతోందని తెలిసినప్పుడు అతను ఎక్కడికి చేరతాడో ఆమెకి తెలుసు. ఆపితే? శామ్ దూకడు. దూకకపోతే తన ఇంటికి ఎవరూ రారు, డర్క్ సైమన్‌తో పెళ్లి, ఆ నలుగురు కూతుళ్లు పుట్టరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. భోజనానికి వచ్చిన మనిషికి వడ్డిస్తూ నోరు మూసుకుని ఉండాలి.

మూడో టేకు
1993లో ఆగిన కథ వరకే చూస్తే ఇందులో నాకు తప్పు దొరకడం లేదు. దొరికితే బాగుండేది. ఒక్క ప్రశ్న. అది ఆమె ఆల్‌కి చెప్పిందంటారా?

అద్దంలో మనిషి
చెప్పకపోతే, 39 ఏళ్ల కాపురంలో సగానికి పైగా మొగుడి దగ్గర దాచింది. చెప్పి ఉంటే, కొత్త ఆల్ ప్రతి లీప్‌లోనూ ‘నిన్ను ఇంటికి తీసుకొస్తాం’ అని శామ్‌కి తెలిసే అబద్ధం చెప్పాడు.

కాలనాళిక
మొదటి కార్డే భయపెడుతోందని మొదలెట్టింది నేనే గానీ, ఇంతవరకు వెళ్లలేదు. ఆ ఎపిసోడ్ ఇప్పట్లో మళ్లీ పెట్టను.