సాయంత్రపు కరెంటుకు ఏది చౌక: నీటిని పైకి తోడి నిల్వ చేయడమా, బ్యాటరీలా?

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. వ్యవసాయ విద్యుత్తు పగటిపూటే ఇస్తున్నందున మధ్యాహ్నం బోరు నిక్షేపంగా ఆడుతుంది. రాత్రి ఏడు దాటి ఇంటింటా దీపాలూ టీవీలూ వెలిగే వేళకు మాత్రం మా వంటింటి ట్యూబులైటు మిణుకుమంటూ మొరాయిస్తుంది. అందులో లైను లోపం ఎంతన్నది వేరే సంగతి.

నా సందేహం అంతకంటె పెద్దది. పగలు మిగిలే సౌర విద్యుత్తుతో నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పే పద్ధతిలో, తోడడానికి ఖర్చైన ప్రతి 100 యూనిట్లకు సుమారు 75 నుంచి 80 మాత్రమే తిరిగి వస్తాయి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఇలా నీటిని తోడడానికీ, కరెంటు తీయడానికీ రెండు విధాలా పనిచేసే 150 మెగావాట్ల యంత్రాలు 6 ఉన్నాయి; నంద్యాల జిల్లా పిన్నాపురంలో రెండు జలాశయాల మధ్యనే నీటిని తిప్పే ప్రాజెక్టు చేపట్టారు. బ్యాటరీలలో నష్టం తక్కువే గాని, వాటి ఆయుష్షూ తక్కువే.

నాలుగు గంటల సాయంత్రపు గిరాకీ తీర్చడానికి యూనిట్ ధరలో ఏది చౌక? అంతకన్నా ముఖ్యంగా, పగలు సౌర విద్యుత్తు కోసం ఉత్పత్తి తగ్గించుకున్న బొగ్గు కేంద్రాలకు ఎలాగూ చెల్లించవలసిన స్థిర చార్జీలను ఈ లెక్కలో ఎలా కలపాలి? డిస్కంలలో (విద్యుత్ పంపిణీ సంస్థలలో) గాని, ఏ వేళకు ఏ కేంద్రం ఎంత కరెంటు ఇవ్వాలో చూసే లోడ్ డిస్పాచ్ కేంద్రాలలోగాని పనిచేసినవారు ఒక చిన్న లెక్క వేసి చూపగలరని మనవి.